లేహ్ నుంచి దౌలత్ బేగ్ ఓల్డీ: 144 కిలోమీటర్లు, 15 నిమిషాలు, 14 రోజులు

ఈ రోజు ఎపిసోడ్‌లో రెండు రన్‌వేల గురించి మాట్లాడుకుందాం. రెండూ మన దేశానికి ఉత్తరాన, చిట్టచివర ఉన్నవే. ఒకటి లేహ్. ఇది మీకు తెలిసిందే. బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ప్రతి బ్యాచ్‌లో ఒక నలుగురు బైకుల మీద లద్దాఖ్ వెళ్దామని వాట్సాప్ గ్రూప్ పెడతారు, ఆ గ్రూప్ ఇప్పటికీ ఉంటుంది, ఎవ్వరూ వెళ్లరు. ఆ లేహ్. రెండోది దౌలత్ బేగ్ ఓల్డీ. పేరు పెద్దగా ఉంది కదా, ఆర్మీ వాళ్లు డీబీఓ అంటారు, మనం కూడా అదే అందాం. కారకోరం కనుమ కింద, చైనా వైపు సరిహద్దుకి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడికి టికెట్ బుక్ చేద్దామని యాప్ ఓపెన్ చెయ్యకండి, అది ఎయిర్ ఫోర్స్ వాడే ఎయిర్‌స్ట్రిప్.

ఈ రెండిటి మధ్య దూరం ఎంత, విమానంలో ఎంత టైమ్ పడుతుంది? ప్రశ్న ఇంతే. గూగుల్ చేస్తే రెండు సెకన్లలో ఒక నంబర్ వస్తుంది. కానీ ఆ నంబర్ వెనకాల ఏముందో చూసుకుంటూ పోతే సూర్యాపేట దాకా వచ్చి ఆగుతాం. ఎలాగో చెప్తాను.

ముందు దూరం. ఇది మీరు ఇప్పుడే ఫోన్‌లో చెయ్యొచ్చు. మ్యాప్స్ ఓపెన్ చేసి లేహ్ ఎయిర్‌పోర్ట్ మీద వేలు పెట్టి నొక్కి పట్టుకోండి, ఒక పిన్ పడుతుంది, కింద రెండు నంబర్లు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. లేహ్‌కి దాదాపు 34.14, 77.55. డీబీఓకి 35.40, 77.93. స్కూల్లో సోషల్ సార్ గ్లోబు మీద అడ్డగీతలు, నిలువుగీతలు చూపించింది దీనికోసమే.

ఇప్పుడు లెక్క. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే భూమ్మీద ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు. రెండు ఊళ్ల మధ్య తేడా 1.26 డిగ్రీలు. అంటే ఉత్తరానికి 140 కిలోమీటర్లు. రేఖాంశం అలా కాదు, నిలువుగీతలన్నీ ధ్రువం దగ్గర కలిసిపోతాయి కాబట్టి ఉత్తరానికి పోయేకొద్దీ వాటి మధ్య దూరం తగ్గిపోతుంది. మన కోదాడ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం 106 కిలోమీటర్లు ఉంటే, లద్దాఖ్‌లో 91, 92 మాత్రమే. తేడా 0.38 డిగ్రీలు, అంటే తూర్పుకి 35 కిలోమీటర్లు. ఇక టెన్త్ క్లాస్ పైథాగరస్. 140 స్క్వేర్, 35 స్క్వేర్ కలిపి రూట్ తీస్తే 144.

కోడ్ రాసేవాళ్లకి డౌట్ వస్తుంది, హేవర్‌సైన్ ఫార్ములా వాడాలి కదా అని. కరెక్టే. భూమి గుండ్రం కాబట్టి దూరం ఎక్కువైతే సరళరేఖ పనిచెయ్యదు, వంపు లెక్కలోకి వస్తుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది, మొత్తం మహిళా పైలట్లే. ఫ్లాట్ మ్యాప్ మీద చూస్తే అది పిచ్చి రూట్‌లా కనిపిస్తుంది, గ్లోబు మీద దారం పట్టుకుని లాగితే అదే దగ్గరి దారి. కానీ 144 కిలోమీటర్లకి ఆ వంపు లెక్క పెట్టాల్సినంత ఉండదు, పైథాగరస్ చాలు.

సో, 144. ఎంత దూరం ఇది? హైదరాబాద్ నుంచి సూర్యాపేటకి హైవే మీద 135 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంటే సూర్యాపేట దాటి కోదాడ వైపు ఓ పది కిలోమీటర్లు. మన పిల్లలు దసరాకి ఊరొచ్చేటప్పుడు బస్సులో ఒక సినిమా చూసేలోపు అయిపోయే దూరం.

విమానంలో? ఎయిర్ ఫోర్స్ దగ్గర సీ-130జే అనే రవాణా విమానం ఉంది. నాలుగు ప్రొపెల్లర్లు ఉంటాయి, గంటకి 600 కిలోమీటర్లు అనుకోండి. 144ని 600తో భాగించి 60తో గుణిస్తే 14 నిమిషాల పైచిలుకు. రౌండ్ చేసి 15. వెబ్‌సైట్లు చూపించే ఫ్లైట్ టైమ్ ఎక్కువగా ఇలాంటి లెక్కే, కొన్ని దానికి టేకాఫ్, ల్యాండింగ్ కోసం ఓ అరగంట కలుపుతాయి. ప్రోగ్రామ్ దృష్టిలో ప్రశ్న క్లోజ్.

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి, ఆ 144 కిలోమీటర్ల గీతని శాటిలైట్ వ్యూలో పెట్టాను. లేహ్ నుంచి పైకి వెళ్తూ సగం దాటిన కాసేపటికి ఆ గీత ఎక్కడికి పోయిందో చూశారా? సాసెర్ కాంగ్రీ. ఎత్తు 7,672 మీటర్లు. సరళరేఖ ఆ శిఖరానికి ఒకటి, రెండు కిలోమీటర్ల పక్క నుంచే పోతోంది. నేను కావాలని గీసింది కాదు, ఆ రెండు పాయింట్లు కలిపితే మధ్యలో తగిలేది అదే. కోదాడ నుంచి సూర్యాపేటకి గీత గీస్తే 40 కిలోమీటర్లు, రోడ్డు మీద 45. మధ్యలో అడ్డం వచ్చేవి చెరువులు, పొలాలు, ఓ రెండు గుట్టలు. అందుకే మన దగ్గర గీతకీ రోడ్డుకీ పెద్ద తేడా ఉండదు. అక్కడ మధ్యలో కారకోరం ఉంది. దాన్ని ఎక్కి దాటాలి, లేదా లోయలు పట్టుకుని చుట్టూ తిరగాలి. దిగడానికి మళ్లీ చుట్లు కొట్టాలి. 15 నిమిషాలు అనేది కాగితం మీదే.

సరే, కొండ దాటాం అనుకుందాం. అసలు కష్టం దిగడంలో ఉంది. కాస్త ఓపిక పట్టండి, నాకు బాగా ఇష్టమైన పార్ట్ ఇది.

కారులో పోతూ కిటికీలోంచి అరచెయ్యి బయటపెట్టి కొంచెం వంచితే చెయ్యి పైకి లేస్తుంది కదా. చిన్నప్పుడు అందరం చేసిందే. విమానం రెక్క చేసేది కూడా అదే. చెయ్యిని పైకి లేపేది గాలి. ఆ గాలి పల్చగా ఉంటే? అదే స్పీడ్‌లో అంత బలం రాదు. బలం రావాలంటే స్పీడ్ పెంచాలి.

సముద్రమట్టం దగ్గర గాలి సాంద్రత 100 అనుకోండి. లేహ్ ఎయిర్‌పోర్ట్ 3,256 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ 72. డీబీఓ 5,065 మీటర్లు, అంటే 16,600 అడుగుల పైన, అక్కడ 60. ప్రపంచంలో ప్రయాణికులు వాడే ఎయిర్‌పోర్టుల్లో ఎత్తైనది చైనాలోని దావొచెంగ్ యాదింగ్, 4,411 మీటర్లు. డీబీఓ దానికంటే ఆరు వందల మీటర్లకి పైగా ఎత్తులో ఉంది.

ఇప్పుడు ఒక విమానం విశాఖపట్నంలో గంటకి 200 కిలోమీటర్ల స్పీడ్‌తో నేలని తాకుతుంది అనుకోండి. అదే విమానం, అదే బరువు, లేహ్‌లో తాకేటప్పుడు దాని అసలు స్పీడ్ 235 ఉంటుంది. డీబీఓలో 260 దగ్గర. పైలట్ ముందున్న మీటర్ మాత్రం మూడు చోట్లా 200 అనే చూపిస్తుంది, ఎందుకంటే ఆ మీటర్ కొలిచేది గాలి ఒత్తిడిని, నేల మీద పరుగుని కాదు. విచిత్రం ఏంటంటే ఆపాల్సిన శక్తి స్పీడ్‌కి స్క్వేర్‌లో పెరుగుతుంది. స్పీడ్ 30 శాతం పెరిగితే శక్తి దాదాపు 1.67 రెట్లు. బ్రేకులు అవే, టైర్లు అవే. కింద ఉన్నది తారు రన్‌వే కాదు, కంకర మట్టి.

మళ్లీ లేవాలి కదా. ఇంజిన్‌కి కూడా గాలే కావాలి, అది కూడా పల్చటి గాలే పీలుస్తోంది, కాబట్టి బలం తగ్గుతుంది. లేవడానికి ఎక్కువ స్పీడ్ కావాలి, ఆ స్పీడ్ ఇవ్వాల్సిన ఇంజిన్ నీరసంగా ఉంది. మరేం చేస్తారు? బరువు తగ్గిస్తారు. మిర్యాలగూడ రైస్ మిల్లు దగ్గర లారీకి ఎన్ని బస్తాలు ఎక్కించాలనేది లారీ కట్టలు, పర్మిట్, డ్రైవర్ ధైర్యం, ఈ మూడూ కలిసి తేలుస్తాయి. డీబీఓకి పోయే విమానంలో ఎంత ఎక్కించాలనేది ఆ రోజు అక్కడి గాలి తేలుస్తుంది. మధ్యాహ్నం ఎండెక్కితే గాలి ఇంకా పల్చబడుతుంది, లోయల్లో ఈదురుగాలి మొదలవుతుంది. లేహ్‌కి ప్రయాణికుల విమానాలు ఎక్కువగా పొద్దున్నే వచ్చి వెళ్లిపోవడానికి కారణం ఇదే. మీ లద్దాఖ్ ప్లాన్ ఎప్పటికైనా నిజమైతే తెల్లవారుజామున ఎయిర్‌పోర్ట్‌లో ఉండటానికి రెడీ అవ్వండి.

లేహ్‌లో మొట్టమొదటి విమానం దిగింది 1948 మే 24న. ఎయిర్ కమోడోర్ మెహర్ సింగ్ డకోటాని తీసుకెళ్లి, హడావుడిగా చదును చేసిన నేల మీద దించారు. పక్కన జనరల్ తిమ్మయ్య ఉన్నారు. డీబీఓలో 1962లో ప్యాకెట్ అనే రవాణా విమానాలు దిగాయి. కొన్నేళ్లకి ఆ స్ట్రిప్ వాడటం ఆగిపోయింది. మళ్లీ చక్రం ఆనింది ఎప్పుడో తెలుసా? 2008 మే 31. ఏఎన్-32 దిగింది. నలభై ఏళ్ల పైన ఖాళీ. తర్వాత 2013 ఆగస్టు 20న సీ-130జే దిగింది, అది అప్పట్లో పెద్ద వార్త. ఇప్పుడు మీకు ఎందుకు వార్త అయ్యిందో అర్థమవుతుంది. ఒక విమానం దిగితే హెడ్‌లైన్ అయ్యే చోటు అది.

సో, 15 నిమిషాల దూరం, కానీ రోజూ నమ్ముకోలేని 15 నిమిషాలు.

ఇక్కడితో అయిపోలేదు. విమానం గురించి మాట్లాడాం, అందులో కూర్చున్న మనిషి గురించి మాట్లాడలేదు.

లేహ్‌లో గాలి ఒత్తిడి మన దగ్గర ఉండేదాంట్లో మూడింట రెండు వంతులు. డీబీఓలో సగం కంటే కాస్త ఎక్కువ, 53 శాతం దాకా. ఒక్కో శ్వాసలో ఆక్సిజన్ కూడా ఆ మేరకే. ఢిల్లీ నుంచి లేహ్‌కి ఫ్లైట్‌లో గంటంబావు, గంటన్నర. అంత తొందరగా తీసుకెళ్లి అక్కడ దించితే శరీరం సర్దుకోలేదు. తలనొప్పి, వాంతులు మామూలు. ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మెదడు వాస్తుంది. వెంటనే కిందికి తీసుకురాకపోతే ప్రాణం పోతుంది. జిమ్ బాడీ ఉన్నా లేకపోయినా దీనికి సంబంధం లేదు. టూరిస్టులకి కూడా మొదటి రెండు రోజులు రెస్ట్ తీసుకోమని చెప్పేది ఇందుకే.

మన ఆర్మీకి దీనికో పద్ధతి ఉంది. మూడు మెట్లు. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు. 12,000 నుంచి 15,000 మధ్య నాలుగు రోజులు. 15,000 పైన మళ్లీ నాలుగు రోజులు. మొదటి రెండు రోజులు దాదాపు రెస్టే, తర్వాత మెల్లగా నడక, తర్వాత ఎక్కడం. మొత్తం 14 రోజులు. లేహ్ మొదటి మెట్టులో ఉంది, డీబీఓ మూడో మెట్టులో.

అంటే సూర్యాపేట నుంచో కోదాడ నుంచో కొత్తగా వెళ్లిన ఒక జవానుకి లేహ్ నుంచి డీబీఓకి ట్రావెల్ టైమ్ ఎంత? 15 నిమిషాలు కాదు, గంట కాదు. 14 రోజులు. ఏ విమానం ఎక్కించినా ఆ 14 తగ్గవు. నన్నడిగితే ఇదే అసలు జవాబు. ఏ డిస్టెన్స్ క్యాలిక్యులేటర్‌లోనూ ఇది రాదు.

విమానం నమ్మకం లేదు, మనుషుల్ని అప్పటికప్పుడు పైకి పంపలేం. మరి అక్కడ ఏడాది పొడవునా ఉండే సైన్యానికి బియ్యం, కిరోసిన్, మందులు, తూటాలు ఎలా చేరాలి? రోడ్డు కావాలి. అందుకే దర్బుక్ నుంచి ష్యోక్ ఊరి మీదుగా డీబీఓ దాకా రోడ్డు వేశారు. వార్తల్లో ఎక్కువగా 255 కిలోమీటర్లు అని రాస్తారు. లేహ్ నుంచి దర్బుక్ రావడానికే ముందు చాంగ్ లా అనే పెద్ద కనుమ ఎక్కి దిగాలి. ఆకాశంలో 144, నేల మీద దానికి రెట్టింపు పైన. మొదట వేసినదాంట్లో కొంత భాగం నది పక్కనే ఉండటంతో ఎండాకాలం మంచు కరిగి ష్యోక్ పొంగినప్పుడల్లా పాడయ్యేది, మళ్లీ దారి మార్చి వేశారు. ఇరవై ఏళ్ల దాకా సాగిన పని ఇది. 2019 అక్టోబర్ 21న ష్యోక్ మీద కల్నల్ చేవాంగ్ రించెన్ పేరుతో 1,400 అడుగుల వంతెన ఓపెన్ చేశారు. అప్పటిదాకా లేహ్ నుంచి డీబీఓకి రెండు రోజులు పట్టేది, రోడ్డు పూర్తయ్యాక ఆరు గంటలని లెక్క వేశారు.

ఈ రోడ్డు ష్యోక్ నది లోయలోంచే పోతుంది. దారిలో ఒక చోట తూర్పు నుంచి ఇంకో నది వచ్చి ష్యోక్‌లో కలుస్తుంది. ఆ నది పేరు గల్వాన్.

ఇప్పుడు అర్థమైంది కదా మనం ఎక్కడికి వస్తున్నామో.

ఆ నదులు కలిసే చోటికి పైనున్న ఎత్తుల మీద ఎవరుంటే వాళ్లకి కింద ఈ రోడ్డు మీద పోయే ప్రతి బండీ కనిపిస్తుంది. డీబీఓకి వెళ్లే ప్రతి బస్తా ఆ మలుపు దాటాలి. 2020లో అక్కడ గొడవ ఎందుకు మొదలైందనే దాని మీద రెండు దేశాలవీ రెండు మాటలు, నిపుణులవి పది మాటలు. చాలామంది విశ్లేషకులు మాత్రం ఈ రోడ్డుని ఒక ముఖ్య కారణంగా చూస్తారు. నాకూ మ్యాప్ చూస్తే అలాగే అనిపిస్తుంది.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మనవాళ్లు ఇరవై మంది చనిపోయారు. వాళ్లకి కమాండింగ్ ఆఫీసర్ 16 బిహార్ రెజిమెంట్ కల్నల్ సంతోష్ బాబు. మన సూర్యాపేట ఆయనది. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఎన్‌డీఏ మీదుగా ఆర్మీలోకి వెళ్లారు. జూన్ 16న టీవీలో పేరు వచ్చినప్పుడు లాక్‌డౌన్ రోజులు, అందరం ఇళ్లలోనే ఉన్నాం. మా ఇంట్లో అందరూ సూర్యాపేటలో ఎవరబ్బాయి అని ఫోన్లు చేసుకుంటున్నారు, నేను మాత్రం ఫోన్‌లో గల్వాన్ ఎక్కడుందని వెతుకుతున్నాను. పిన్ వేసి సూర్యాపేట నుంచి దూరం కొలిస్తే రెండు వేలకి కాస్త తక్కువ వచ్చింది. 1,960 దగ్గర. రేఖాంశం చూస్తే ఒకటిన్నర డిగ్రీ తేడా కూడా లేదు. అంటే మన ఊళ్ల నుంచి దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి. ఇక్కడ సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు అక్కడా ఇంచుమించు అదే టైమ్.

ఆయన భౌతికకాయం 17వ తేదీ రాత్రి ఎయిర్ ఫోర్స్ ప్రత్యేక విమానంలో హకీంపేట చేరింది. లేహ్ నుంచి హకీంపేటకి గీత గీస్తే 1,850 కిలోమీటర్లు. అక్కడి నుంచి సూర్యాపేట దాకా మిగిలిన నూట యాభై కిలోమీటర్ల పైన ప్రయాణం రోడ్డు మీద, అంబులెన్స్‌లో. మీరూ నేనూ పండక్కి ఇంటికి వచ్చే అదే విజయవాడ హైవే మీద. 18న కేసారంలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు. ఏడాది తర్వాత 2021 జూన్‌లో సూర్యాపేటలో విగ్రహం పెట్టారు. అదే ఏడాది ఆయనకి మహావీర చక్ర కూడా ప్రకటించారు. విగ్రహం దగ్గర సెల్ఫీ దిగేవాళ్లలో ఎంతమందికి డీబీఓ పేరు తెలుసో నాకు డౌటే, ఈ ఎపిసోడ్ చెయ్యడానికి అది కూడా ఒక కారణం అనుకోండి.

ఆ తర్వాత ఏం మారింది? ఒకే రోడ్డు మీద ఆధారపడకూడదని నుబ్రా లోయ వైపు సాసోమా నుంచి సాసెర్ లా మీదుగా డీబీఓకి ఇంకో దారి మీద పని జరుగుతోంది. మన 144 కిలోమీటర్ల గీత తగిలిన సాసెర్ పర్వతాలు గుర్తున్నాయి కదా, వాటిలోంచే. తూర్పు లద్దాఖ్‌లో న్యోమా అనే ఇంకో చోట, 13,700 అడుగుల ఎత్తులో, ఉన్న ఎయిర్‌స్ట్రిప్‌ని పెద్ద రన్‌వేగా మార్చడానికి 2023 సెప్టెంబర్‌లో శంకుస్థాపన చేశారు. డీబీఓ కంటే దాదాపు మూడు వేల అడుగులు తక్కువ ఎత్తు. గాలి సాంద్రత లెక్క మీకు ఇప్పుడు వచ్చు కాబట్టి ఆ మూడు వేల అడుగులతో బరువులో ఎంత తేడా వస్తుందో మీరే ఊహించొచ్చు. 5,065 మీటర్లకి 60 వచ్చింది, సుమారు 4,180 మీటర్లకి ఎంత వస్తుందో లెక్క వేసి చూడండి. 65, 66 మధ్యలో వస్తే కరెక్ట్‌గా చేసినట్టు.

మీలో ఎవరైనా నిజంగా లేహ్ వెళ్తుంటే సూర్యాపేట నుంచి శంషాబాద్ మూడు గంటలు, అక్కడి నుంచి ఢిల్లీ రెండుంబావు గంటలు, ఢిల్లీ నుంచి లేహ్ గంటన్నర, మధ్యలో వెయిటింగ్. దానికి రెండు రోజులు రెస్ట్ కలుపుకుని లీవ్ అప్లై చెయ్యండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.